నిన్నలో నిలబడి రేపటిని చూసే క్రియ

1986 మే నెలలో అర్జెంటీనా సుప్రీంకోర్టు ఒక నష్టపరిహారం దావాలో తీర్పు చెప్పింది. పోలీసులు ఇచ్చిన ప్రకటనను 'లా రసోన్' పత్రిక ఉన్నదున్నట్టు అచ్చువేసింది. అందులో నేరంతో ముడిపెట్టి పేరు వేసిన మనిషికి ఆ నేరంతో సంబంధం లేదని తర్వాత తేలింది. పత్రికదే బాధ్యత అని కోర్టు నిర్ణయించింది. ఇలాంటి వార్త రాసేటప్పుడు ఏం చేస్తే పత్రిక ఆ బాధ్యత నుంచి బయటపడుతుందో కూడా చెప్పింది. వార్త ఎవరి నుంచి వచ్చిందో చెప్పాలి, లేదా మనిషి పేరు దాచాలి, లేదా క్రియను 'పొతెన్సియాల్' రూపంలో రాయాలి. ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం వ్యాకరణంలోని ఒక క్రియారూపానికి చట్టం దగ్గర విలువ కట్టడం చాలా అరుదు.

ఆ రూపాన్నే ఇప్పుడు ఎక్కువ పుస్తకాలు 'కొందిసియొనాల్' అంటున్నాయి, ఇంగ్లీషు పుస్తకాలు కండిషనల్ అంటున్నాయి. 'ఎల్ మినీస్త్రో అబ్రీయ రెనున్సియాదో' అని బ్వేనోస్ ఐరెస్ పత్రికలో కనిపిస్తే, 'మంత్రి రాజీనామా చేశాడట' అని అర్థం. తెలుగులో చివరి 'ట' చేసే పనిని అక్కడ 'అబ్రీయ' చేస్తోంది: ఈ మాట మాది కాదు, విన్నది చెబుతున్నాం అని. చిక్కేమిటంటే, అదే వాక్యానికి 'మంత్రి రాజీనామా చేసివుండేవాడు' అనే అర్థం కూడా ఉంది. ఇంకేదో జరిగివుంటే చేసేవాడు, జరగలేదు కనక చేయలేదు అని. పుకారుకూ ఇదే రూపం, జరగనిదానికీ ఇదే రూపం. స్పెయిన్‌లో 'ఎల్ పాయీస్' పత్రిక శైలి గ్రంథం ఈ పుకారు ప్రయోగాన్ని ఒప్పుకోదు. ఇది ఫ్రెంచి పత్రికల నుంచి దిగుమతి అయిందని చాలామంది వ్యాకర్తల మాట. అర్జెంటీనాలో తర్వాతి తీర్పులు కూడా ఒక సంగతి స్పష్టం చేశాయి. క్రియకు ప్రత్యయం తగిలించినంత మాత్రాన చాలదు, కథనం మొత్తం నిజంగా ఊహగానే సాగాలి.

ఇంత బరువు మోస్తున్న రూపాన్ని తయారు చేయడం మాత్రం స్పానిష్‌లో అన్నిటికన్నా తేలిక. వర్తమానంలో '-ఆర్', '-ఎర్', '-ఇర్' అని మూడు రకాల క్రియలు మూడు దారుల్లో పోతాయి. ఇక్కడ అన్నీ ఒకే దారి. క్రియ మూలరూపాన్ని కోయకుండా అలాగే ఉంచి చివర '-ఈయ' చేర్చాలి. (ఒత్తి పలికే అచ్చును ఈ వ్యాసంలో దీర్ఘంగా చూపడమైంది.) అబ్లార్ అంటే మాట్లాడటం. నేనైతే అబ్లరీయ, నువ్వైతే అబ్లరీయస్, అతనూ ఆమే మీరూ అయితే మళ్ళీ అబ్లరీయ, మేమైతే అబ్లరీయమోస్, వాళ్ళైతే అబ్లరీయన్. స్పెయిన్‌లో మాత్రమే వాడే 'మీరందరూ'కి అబ్లరీయయిస్. తినడం కొమేర్ కాబట్టి కొమెరీయ, బతకడం బిబీర్ కాబట్టి బిబిరీయ. అర్జెంటీనాలో 'నువ్వు'కు 'తూ' అనరు, 'బోస్' అంటారు. వర్తమానంలో దానికి వేరే క్రియారూపం ఉంది. కండిషనల్‌లో ఆ తేడా లేదు, తూ అయినా బోస్ అయినా అబ్లరీయస్ ఒకటే. నేను, అతను ఒకే రూపం పంచుకుంటారు కనక, మాట ఎవరి గురించో తెలియకపోతే సర్వనామం చెప్పక తప్పదు.

తప్పిన దారి పట్టే క్రియలు పన్నెండే, వాటి నుంచి పుట్టినవి వేరు. కలిగివుండటం తెనేర్, దాని నుంచి తెంద్రీయ. పెట్టడం పొనేర్, పొంద్రీయ. రావడం బెనీర్, బెంద్రీయ. బయటికి వెళ్ళడం సలీర్, సల్ద్రీయ. విలువచేయడం బలేర్, బల్ద్రీయ. చేయగలగడం పొదేర్, పొద్రీయ. తెలిసివుండటం సబేర్, సబ్రీయ. సహాయక్రియ అబేర్, అబ్రీయ. పట్టడం కబేర్, కబ్రీయ. కోరుకోవడం కెరేర్, కెర్రీయ. చెప్పడం దెసీర్, దిరీయ. చేయడం అసేర్, అరీయ. భవిష్యత్తులోనూ ఈ పన్నెండింటికి ఇవే మొదళ్ళు. కాబట్టి భవిష్యత్తు వచ్చినవాళ్ళకు ఇక్కడ బట్టీ పట్టాల్సింది లేదు.

ఇవి ఎందుకిలా అయ్యాయో తెలిస్తే గుర్తుపెట్టుకోవడం ఇంకా సులువు. ఒత్తు చివరికి జరిగినప్పుడు నడుమ ఉన్న అచ్చు బలహీనమై జారిపోయింది. తెనేర్‌లో 'ఎ' పోతే న, ర పక్కపక్కన చేరాయి. నోటికి అది కష్టం కనక మధ్యలో 'ద' పుట్టింది. సలీర్, బలేర్‌లలో ల, ర కలిసినప్పుడూ అదే జరిగింది. కెరేర్‌లో అచ్చు పోతే రెండు ర-లు కలిసి కెర్రీయ అయింది. పాత స్పానిష్‌లో ఇంకో పరిష్కారం కూడా వాడుకలో ఉండేది: న, ర తారుమారై తెర్నీయ, బెర్నీయ అనేవారు. కొన్ని శతాబ్దాలు రెండూ పక్కపక్కన బతికి, చివరికి 'ద' ఉన్నవే మిగిలాయి. అసేర్‌కు ఒకప్పుడు 'ఫార్' అనే పొట్టి మూలరూపం ఉండేది, అరీయ దాని వారసురాలు.

అసలు ఆ '-ఈయ' ఎక్కడిది? లాటిన్‌లో 'పాడటం' అనే మూలరూపం పక్కన 'కలిగివుంది' అనే క్రియ గతరూపం నిలబడేది: కంతారె హబేబమ్. 'పాడవలసి ఉండేది' అన్నట్టు. హబేబమ్ అరిగి అరిగి 'ఈయ'గా మారి, ముందున్న మూలరూపానికి అతుక్కుని కంతరీయ అయింది. అదే క్రియ వర్తమానరూపం అతుక్కుంటే భవిష్యత్తు పుట్టింది. ఆంతోనియో దె నెబ్రీహ 1492లో రాసిన స్పానిష్ వ్యాకరణంలోనే, భవిష్యత్తు మూలరూపంతో అబేర్ కలిసి తయారైందని గమనించాడు. మధ్యయుగాల్లో ఆ అతుకు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. 'దాన్ని' అనే చిన్న సర్వనామం రెండు ముక్కల నడుమ దూరగలిగేది, 'దార్ లో ఈయ' అన్నట్టు. స్పానిష్ ఆ అలవాటును వదిలేసింది. పోర్చుగల్ రాతభాషలో అది ఈనాటికీ కనిపిస్తుంది. ఇటాలియన్ అదే పనికి లాటిన్ క్రియ మరో గతరూపాన్ని ఎంచుకుంది, అందుకే వాళ్ళది 'కంతెరెబ్బె'.

ఈ చరిత్రలోనే ఒక ఉచ్చు కూడా ఉంది. 'ఈయ' కొమేర్, బిబీర్ వంటి క్రియల గత అలవాటుకూ చివర వస్తుంది. కొమీయ అంటే తినేవాడు, కొమెరీయ అంటే తిందును, తినేవాణ్ణేమో. చావడానికి మొరీర్: మొరీయ, మొరిరీయ. కోరుకోవడంలో అయితే తేడా ఒక్క ర మాత్రమే: కెరీయ అంటే కోరుకునేవాడు, కెర్రీయ అంటే కోరుకుందును. ఇక్కడ తెలుగువాళ్ళకు నిజమైన సౌకర్యం ఉంది. ర, ర్ర తేడా చిన్నప్పటి నుంచీ మన నోట్లోనూ చెవిలోనూ ఉన్నదే.

రూపం గడప దాటాక అసలు ప్రశ్న ఎదురవుతుంది: ఇది దేని కోసం? ఈ రూపానికి ఇన్ని పేర్లు రావడానికి కారణం ఆ ప్రశ్నకు జవాబులు వేరువేరుగా ఉండటమే. 20వ శతాబ్దం మొదటి భాగంలో స్పానిష్ అకాడెమీ దీన్ని ప్రత్యేకమైన క్రియాభావంగా లెక్కించి 'పొతెన్సియాల్' అంది. అర్జెంటీనా కోర్టు వాడింది ఆ పాత పేరే. 1973లో అకాడెమీ వెలువరించిన వ్యాకరణం ముసాయిదా 'ఎస్బోసో' దీన్ని మామూలు నిశ్చయార్థక కాలాల్లోకి తెచ్చి కొందిసియొనాల్ అనే పేరు పెట్టింది. వీటన్నిటికంటే ముందే, 1847లో, వెనిజులాలో పుట్టి చిలీలో స్థిరపడ్డ ఆంద్రెస్ బెల్యో తన వ్యాకరణంలో దీనికి 'పోస్‌ప్రెతేరితో' అని పేరు పెట్టాడు. అంటే గతానికి తర్వాతిది. మెక్సికో బడిపుస్తకాల్లో పిల్లలు ఇప్పటికీ ఆ పేరుతోనే నేర్చుకుంటారు. 2009 నాటి కొత్త అకాడెమీ వ్యాకరణం బెల్యో పేరును కూడా పక్కన చూపిస్తుంది.

మూడు పేర్లలో బెల్యోదే సత్యానికి దగ్గరగా ఉంది. ఈ రూపానికి పునాది షరతు కాదు. గతంలో ఒక చోట నిలబడి అక్కడి నుంచి ముందుకు చూడటం దీని పునాది. మిగతా ప్రయోగాలన్నీ అక్కడి నుంచి బయలుదేరినవే.

'దీహో కె బెంద్రీయ' అనే వాక్యం తీసుకుంటే ఇది తేటపడుతుంది. 'వస్తానన్నాడు' అని అర్థం. అతను అన్నది నిన్న, రావడం ఆ నిన్నకు రేపు. తెలుగు ఇక్కడ మనిషి నోటి మాటను చెక్కుచెదరకుండా ఉంచుతుంది: 'వస్తాను' అనే ఉత్తమ పురుష, భవిష్యత్తు రూపం అలాగే నిలిచి, వెనక 'అన్నాడు' చేరుతుంది. స్పానిష్ మనిషినీ మారుస్తుంది, కాలాన్నీ మారుస్తుంది. నేను అతనవుతాడు, భవిష్యత్తు కండిషనల్ అవుతుంది. తెలుగు నుంచి వచ్చే విద్యార్థి ఇక్కడ ఒకేసారి రెండు మెట్లు దిగాలి. ఇంగ్లీషు మీదుగా నేర్పే పుస్తకాలు ఈ సంగతి చెప్పవు, వాటికి ఆ అవసరం లేదు. ఒక వెసులుబాటు ఉంది. చెప్పిన రోజు ఇంకా రానేలేదంటే, 'దీహో కె బెంద్రా మన్యాన' అని భవిష్యత్తునే ఉంచవచ్చు.

జీవితచరిత్రకారులకు ఈ ప్రయోగం ఇష్టం. 1899లో బ్వేనోస్ ఐరెస్‌లో పుట్టిన బోర్హెస్ గురించి రాస్తూ, అతను 1986లో జెనీవాలో 'మొరిరీయ' అంటారు. పుట్టిన సంవత్సరంలో నిలబడి మరణం వైపు చూస్తున్నారు, అందుకే కండిషనల్. 1967లో వచ్చిన గార్సియా మార్కెస్ నవల 'సియేన్ ఆన్యోస్ దె సొలెదాద్' మొదటి వాక్యం కూడా గతంలో నిలబడి ఎన్నో ఏళ్ళ తర్వాతి క్షణాన్ని చూస్తుంది. అక్కడ రచయిత వాడింది కండిషనల్ కాదు. అబేర్ గతరూపాన్నీ మూలరూపాన్నీ విడివిడిగా, నడుమ 'దె' పెట్టి వాడాడు. కంతరీయను పుట్టించిన దినుసులు అవే, అతుక్కోకముందు ఉన్నట్టుగానే ఉన్నాయి.

గతం గురించిన ఊహకూ ఇదే రూపం. 'సెరీయన్ లాస్ త్రేస్' అంటే అప్పుడు మూడయివుంటుంది అని. 'తెంద్రీయ బేయింతె ఆన్యోస్' అంటే ఇరవయ్యేళ్ళుండేవేమో అని. ఇప్పటి సంగతి ఊహించడానికి స్పానిష్ భవిష్యత్తును వాడుతుంది: 'సెరాన్ లాస్ త్రేస్', ఇప్పుడు మూడయివుంటుంది. ఊహను ఒక మెట్టు వెనక్కి జరిపితే భవిష్యత్తు కండిషనల్ అవుతుంది. 'ఈపాటికి ఇల్లు చేరివుంటాడు' అనడం అలవాటైన తెలుగువాడికి భవిష్యత్తు రూపంతో ఊహించడం వింత కాదు. తేడా ఒకటే. తెలుగులో 'అయివుంటుంది' అప్పటికీ ఇప్పటికీ సరిపోతుంది, స్పానిష్ రెంటినీ విడదీస్తుంది.

ఇక షరతు. అందరూ ముందు నేర్పేదీ, అందరూ తడబడేదీ ఇక్కడే. 'సి తెంగో దినేరో, కొంప్రరే ఉన కాస': డబ్బుంటే ఇల్లు కొంటాను, ఉండే అవకాశమూ ఉంది. 'సి తుబియేర దినేరో, కొంప్రరీయ ఉన కాస': డబ్బుంటే కొనేవాణ్ణే, లేదు. 'సి ఉబియేర తెనీదో దినేరో, అబ్రీయ కొంప్రాదో ఉన కాస': అప్పట్లో ఉండివుంటే కొనివుండేవాణ్ణి. రెండో వాక్యంలో 'సి' పక్కన ఉన్నది సబ్జంక్టివ్, అంటే కోరికా సందేహమూ ఊహా చెప్పే క్రియాభావం, దాని గతరూపం. కండిషనల్ ఉన్నది ఫలితం చెప్పే భాగంలో. మూడో వాక్యంలో 'అబ్రీయ' బదులు 'ఉబియేర' అన్నా ఒప్పే.

తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళు ఇక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మనం చేదర్థకం అనేది 'వస్తే', 'ఉంటే'లోని '-తే'ని. అది షరతు ఉన్న వైపు ఉంటుంది. స్పానిష్ కొందిసియొనాల్ షరతు వైపు ఉండకూడదు, ఫలితం వైపే ఉండాలి. పేరు ఒకేలా వినిపిస్తున్నా రెండూ వాక్యానికి చెరో చివర నిలబడతాయి. కండిషనల్ అంటే షరతు అని మొదటి రోజే నేర్పితే, విద్యార్థి 'సి తెంద్రీయ దినేరో' అనడం దాదాపు ఖాయం.

ఆ వాక్యాన్ని పుట్టుకతో స్పానిష్ మాట్లాడేవాళ్ళు కూడా అంటారు. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, నవార్ర, లా రియోహ, బూర్గోస్, పలెన్సియ, కంతాబ్రియ వైపు ఇళ్ళలో 'సి తెంద్రీయ' మామూలు మాట. అర్జెంటీనాలోనూ వినిపిస్తుంది. స్పానిష్ భాష పుట్టిన నేలకు అతి దగ్గరి ప్రాంతాల్లోనే ఈ ప్రయోగం పాతుకుపోవడం గమనించదగ్గది. ప్రామాణిక రాతలో మాత్రం దాన్ని తప్పుగానే దిద్దుతారు. ఇంకో 'సి' ఉంది. 'నో సే సి బెంద్రీయ', వచ్చేవాడో కాదో తెలియదు. అది షరతు 'సి' కాదు, సందేహపు 'సి', అక్కడ కండిషనల్ నిక్షేపంగా వస్తుంది. ఈ రెండో 'సి'ని చెప్పకుండా నియమాన్ని మాత్రమే నేర్పే పుస్తకాలు విద్యార్థికి అన్యాయం చేస్తున్నాయి.

'సి' లేకుండానే షరతు చెప్పే దారులూ ఉన్నాయి. 'యో కె తూ, నో ఇరీయ' అంటే నీ చోట నేనుంటే వెళ్ళను అని. 'దె అబేర్లో సబీదో' అంటే అది తెలిసివుంటే అని. సంభాషణలో ఇవి వాక్యాన్ని తేలిక చేస్తాయి, పుస్తకాల్లో వీటికి దక్కే చోటు చాలా తక్కువ.

మర్యాదలో కండిషనల్ పని వేరుగా కనిపించినా మూలం అదే: అడిగే మాటను ఇప్పటి నుంచి కొంచెం దూరం జరపడం. 'పొద్రీయ అయుదార్మె?' అంటే కాస్త సాయం చేయగలరా అని. 'మె గుస్తరీయ', నాకు ఇష్టంగా ఉంటుంది. 'దెబెరీయస్ దెస్కన్సార్', నువ్వు విశ్రాంతి తీసుకుంటే మంచిది. తెలుగులో గౌరవం 'మీరు'లోనూ క్రియ చివరి '-రు'లోనూ ఉంటుంది. స్పానిష్‌లో ఆ పని 'ఉస్తేద్' చేస్తుంది. కండిషనల్ గౌరవం చూపదు, మాటను మెత్తబరుస్తుంది. అందుకే స్నేహితుడితో 'పొద్రీయస్' అనవచ్చు. 'కావాలి' అని మెత్తగా చెప్పడానికి కెర్రీయ కంటే 'కిసియేర' ఎక్కువ వినిపిస్తుంది. అది సబ్జంక్టివ్ రూపమే అయినా ఒకప్పుడు ఫలితం వైపు కూడా తిరిగిన కుటుంబానికి చెందినది, ఆ పాత హక్కు కిసియేర, దెబియేర, పుదియేర వంటి కొన్ని మాటల్లో నిలిచిపోయింది. మాద్రిద్ కాఫీ బారులో వీటిలో ఏదీ అక్కర్లేదు. 'మె పోనెస్ ఉన్ కఫే?' అని వర్తమానంలో అడిగితే అక్కడ ఎవరూ అమర్యాద అనుకోరు.

ఇంగ్లీషు 'వుడ్' ద్వారా ఈ రూపాన్ని నేర్పే పద్ధతి తెలుగు విద్యార్థులకు రెండింతలు నష్టం. హైదరాబాద్‌లోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో చేరినవాళ్ళకైనా, అమెరికా హైస్కూల్లో స్పానిష్ తీసుకున్న తెలుగు పిల్లలకైనా చేతికొచ్చే పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులోనివే. 'వుడ్' జరగని సంగతీ చెబుతుంది, పాత అలవాటూ చెబుతుంది. తెలుగు 'వెళ్ళేవాళ్ళం' కూడా అంతే: 'సెలవుల్లో ఊరికి వెళ్ళేవాళ్ళం' అంటే అలవాటు, 'సెలవు దొరికితే వెళ్ళేవాళ్ళం' అంటే జరగనిది. రెండు భాషలూ ఒకే వైపు తోస్తాయి కనక, చిన్ననాటి సెలవుల గురించి చెబుతూ విద్యార్థి 'ఇరీయమోస్' అంటాడు. అక్కడ రావలసింది 'ఈబమోస్', గత అలవాటు రూపం. కండిషనల్‌కు ఆ అర్థం లేదు.

అయితే మాట్లాడే స్పానిష్ తెలుగుకు దగ్గరగా జరిగే చోటు ఒకటుంది. ఫలితం వైపు కండిషనల్ బదులు గత అలవాటు రూపాన్నే పెట్టి 'సి తుబియేర దినేరో, మె లో కొంప్రాబ' అనడం స్పెయిన్ వీధుల్లో మామూలు. కొంప్రాబ అంటే అక్షరాలా కొనేవాణ్ణి. గతంలో నుంచి రేపును చూసే పనిని కూడా నోటిమాటలో 'ఈబ' పంచుకుంటోంది: 'దీహో కె బెంద్రీయ' అనే చోట 'దీహో కె ఈబ అ బెనీర్' అనేవాళ్ళు చాలామంది. ఊహకూ, మెత్తని అభ్యర్థనకూ, సలహాకూ మాత్రం '-ఈయ' రూపమే ఇప్పటికీ రోజువారీ మాటలో గట్టిగా నిలబడివుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఈ మూడింటితో మొదలుపెట్టి, ఆపైన దీహో కె వాక్యాలకు వెళ్ళి, షరతును చివర చేపడితే, 'సి' దగ్గర ఏ రూపం ఉండాలో అడిగే సమయానికి '-ఈయ' ఏమిటో వాళ్ళకు అప్పటికే తెలిసివుంటుంది.